టూల్‌టిప్ చెప్పని లెక్కలు

జెన్షిన్ ఇంపాక్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో క్యారెక్టర్ బ్యానర్ (లాటరీలా క్యారెక్టర్లను తీసే చోటు) వివరాలు తెరిస్తే మూడు అంకెలు కనిపిస్తాయి. ఒక్కో పుల్‌కి, అంటే లాటరీ ఒక్కసారి తీసినందుకు, అయిదు స్టార్ల (అత్యంత అరుదైన శ్రేణి) క్యారెక్టర్ వచ్చే అవకాశం 0.6 శాతం. ఎంత దురదృష్టవంతులకైనా 90 పుల్స్‌లోపు ఒకటి ఖాయం. ఆ ఖాయాన్ని కూడా కలుపుకుంటే సగటు 1.6 శాతం. మూడూ కంపెనీ స్వయంగా ప్రకటించినవే, మూడూ నిజాలే. అయినా పక్కపక్కన పెట్టి లెక్క కడితే పొసగవు.

మొదటి 89 పుల్స్‌కి ఒక్కోదానికి 0.6 శాతమే ఉండి, 90వ పుల్‌కి నూటికి నూరు అయితే సగటున ఎన్ని పుల్స్ పడతాయి? 0.994ని 90 సార్లు గుణిస్తే 0.582 వస్తుంది. ఒకటిలోంచి దాన్ని తీసేసి 0.006తో భాగిస్తే 69.7. అంటే సగటు 1.43 శాతమే. కంపెనీ చెప్పిన 1.6 శాతం నిజం కావాలంటే సగటు 62.5 పుల్స్ ఉండాలి. మధ్యలో ఏడు పుల్స్ లెక్కకు అందడం లేదు.

ఇంకో వైపు నుంచి చూసినా అంతే. 89 పుల్స్ వరకూ ఏమీ రాకుండా ఉండే అవకాశం 58 శాతం పైనే. అంటే సగం కంటే ఎక్కువ మందికి సరిగ్గా 90వ పుల్‌లోనే రావాలి. ఆటగాళ్లు తమ పుల్స్ చరిత్రలు పోగుచేసి చూస్తే అక్కడ దాదాపు ఎవరూ లేరు. ఎక్కువ మంది 75కీ 80కీ మధ్య గుమిగూడి ఉన్నారు.

ఆ పోగైన డేటాతో ఆటగాళ్లు కట్టిన నమూనా ఇది: 73వ పుల్ దాకా 0.6 శాతం. 74వ పుల్ నుంచి ప్రతి పుల్‌కీ సుమారు 6 శాతం చొప్పున పెరుగుదల. 74కి 6.6, 75కి 12.6, 76కి 18.6, అలా 90కి నూరు దాటేదాకా. ఈ అంకెలు వేసి మళ్లీ సగటు తీస్తే 62.3 పుల్స్, అంటే 1.605 శాతం. కంపెనీ ప్రకటించిన 1.6కి అతికినట్టు సరిపోయింది. దీనికి ఆటగాళ్లు పెట్టుకున్న పేరు సాఫ్ట్ పిటీ. అధికారిక వివరాల పేజీలో ఆ మాటా లేదు, 74 అన్న అంకే లేదు.

ఆచరణలో దీని విలువ చిన్నది కాదు. 73 పుల్స్ అయిపోయాక పది పుల్స్ బటన్ నొక్కడం మానేసి ఒక్కొక్కటే తీయాలి. పది పుల్స్ కలిపి తీసినా అవకాశాలు మారవు. కానీ రెండో పుల్‌కే కావలసింది వచ్చేస్తే మిగతా ఎనిమిదీ మీకు అక్కర్లేని బ్యానర్ మీద ఖర్చయిపోయినట్టే.

ఇక్కడ కంపెనీ అబద్ధం చెప్పలేదు. చెప్పిన మూడు నిజాలకీ అవతల నాలుగోది ఒకటి ఉందని ఆ మూడే పట్టించాయి. దాగిన మెకానిక్ (ఆటను నడిపే నియమం) అనగానే ఎవరో ఫైళ్లు తవ్వి తీసిన రహస్యం అనుకుంటాం గానీ, చాలాసార్లు మొదటి ఆధారం అధికారిక పత్రంలోనే దొరుకుతుంది, అంకెలు కూడి చూసే ఓపిక ఉంటే.

ఎక్కడ దాగి ఉంది, ఎందుకు దాగి ఉంది

ఆన్‌లైన్ ఆర్పీజీ (ఒక పాత్రను పెంచుకుంటూ ఆడే రోల్ ప్లేయింగ్ గేమ్) రెండు చోట్ల నడుస్తుంది. మీ ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉండే క్లయింట్ ఒకటి, కంపెనీ దగ్గరుండే సర్వర్ ఒకటి. వస్తువుల పేర్లు, వర్ణనలు, బొమ్మలు, యానిమేషన్ నిడివి, చాలా ఆటల్లో స్కిల్స్ గుణకాల పట్టికలు క్లయింట్‌లో ఉంటాయి. వీటిని డేటామైనింగ్‌తో, అంటే ఆ ఫైళ్లు తవ్వి, చదవొచ్చు. బాస్ (బలమైన పెద్ద శత్రువు) చచ్చాక ఏ వస్తువు రాలాలి, మాన్‌స్టర్ ఎవరి మీదకు ఉరకాలి, మీ దెబ్బ తగిలిందా లేదా అన్న పాచికలు పడేది సర్వర్‌లో. అవి క్లయింట్ ఫైళ్లలో ఉండవు. అందుకే ‘ఫైళ్లలో డ్రాప్ రేటు (వస్తువు రాలే శాతం) దొరికింది’ అని ఎవరైనా స్క్రీన్‌షాట్ పెడితే ముందు అనుమానించాలి. సర్వర్ వైపు సంగతిని కొలిచి తెలుసుకోవడం తప్ప చదివి తెలుసుకోవడం కుదరదు.

ఎక్కడ అన్నది తేలాక ఎందుకు అన్న ప్రశ్న. పత్రంలో ఒక సంగతి లేకపోవడానికి నాలుగు వేర్వేరు కారణాలు ఉండొచ్చు: క్లుప్తత కోసం వదిలేశారు, తయారుచేసినవాళ్లకే తెలియదు, ఆటలో రహస్యం ఉండాలని దాచారు, డబ్బు కోసం దాచారు. బయటికి నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. పరీక్షించే పద్ధతి మాత్రం ఒక్కోదానికి ఒక్కోటి. అన్నిటినీ ‘కంపెనీ మోసం’ అనే ఒకే గంపలో వేసేవాళ్లూ, అన్నిటికీ ‘నీ అదృష్టం బాగోలేదు’ అని బదులిచ్చేవాళ్లూ ఈ తేడా చూడరు.

మెట్లూ వాలూ

క్లుప్తత కోసం వదిలేసినవాటికి రాగ్నరోక్ ఆన్‌లైన్‌ని మించిన ఉదాహరణ లేదు. కొరియా కంపెనీ గ్రావిటీ 2002లో తెచ్చిన ఈ ఆటను 2000ల మధ్యలో లెవెల్ అప్ సంస్థ మన దేశంలోనూ నడిపింది. నెట్ సెంటర్ల కాలంలో చాలామందికి ఇదే మొదటి ఆన్‌లైన్ ఆర్పీజీ.

స్ట్రెంగ్త్ పెంచితే దాడి బలం పెరుగుతుంది అనేది పైకి కనిపించే వివరణ. పాత వెర్షన్‌లో, అంటే రెన్యువల్ అనే పెద్ద మార్పుకి ముందు, దగ్గరి నుంచి కొట్టే ఆయుధానికి అసలు సూత్రం ఇది: స్ట్రెంగ్త్, దానికి తోడు స్ట్రెంగ్త్‌ని పదితో భాగించి భిన్నం కోసేసి వర్గం చేసినది, ఆపైన డెక్స్‌టెరిటీలో అయిదో వంతు, లక్‌లో అయిదో వంతు. చివరి రెండింటిలోనూ భిన్నం పోతుంది.

కథంతా ఆ వర్గంలో ఉంది. స్ట్రెంగ్త్ 80 ఉంటే 80 + 64 = 144. 89 ఉంటే 89 + 64 = 153. 90 అయ్యేసరికి 90 + 81 = 171. 80 నుంచి 89 దాకా తొమ్మిది పాయింట్లు పెంచితే వచ్చింది తొమ్మిది. పదోది ఒక్కటే పద్దెనిమిది తెచ్చింది. ఖర్చు చూడండి: ఒక స్టాట్‌ని (స్ట్రెంగ్త్ లాంటి గుణాన్ని) ఒకటి పెంచడానికి, ఉన్న విలువలోంచి ఒకటి తీసి పదితో భాగించి భిన్నం వదిలేసి రెండు కలిపినన్ని స్టేటస్ పాయింట్లు పడతాయి. 80 నుంచి 89కి 89 పాయింట్లు, 89 నుంచి 90కి పది. తొమ్మిది దాడి బలం కోసం 89 ఖర్చు, పద్దెనిమిది కోసం పది. 89 దగ్గర ఆపేసి మిగిలినవి వైటాలిటీకి పెట్టిన నైట్ (యోధుడి తరహా క్యారెక్టర్), పెట్టుబడి అంతా పెట్టి పంట కోయకుండా వెళ్లిపోయినట్టే.

ఇంకో మెలిక ఉంది. లెక్కలోకి వచ్చేది మీరు పెంచిన అంకె కాదు, జాబ్ (క్యారెక్టర్ వృత్తి) బోనస్, పరికరాలు, బఫ్‌లు (తాత్కాలికంగా బలం పెంచేవి) కలిపిన మొత్తం. జాబ్ బోనస్ ఎనిమిది ఉంటే స్వయంగా 82 పెంచితే చాలు. అందుకే బ్లెస్సింగ్ బఫ్ పడుతుందా లేదా అన్న చిన్న సంగతి మీద బిల్డ్ మొత్తం మారుతుంది.

మేజిక్ దాడికీ ఇలాంటి మెట్లే. కనిష్ఠ దాడిలో ఇంటెలిజెన్స్‌ని ఏడుతో భాగించిన దాని వర్గం, గరిష్ఠ దాడిలో అయిదుతో భాగించిన దాని వర్గం. మంత్రం చదివే సమయానికి మాత్రం మెట్లు లేవు. డెక్స్‌టెరిటీ మొత్తాన్ని 150తో భాగించి ఒకటిలోంచి తీసేస్తే మిగిలిన భాగమే సమయం. పదో లెవెల్ స్టార్మ్ గస్ట్‌కి 15 సెకన్లు. డెక్స్‌టెరిటీ 75 ఉంటే 7.5, 120 ఉంటే 3, 150కి సున్నా. ఒకే తెర మీద ఒకే తీరున వర్ణించిన రెండు స్టాట్‌లలో ఒకటి మెట్ల మీద నడుస్తుంది, ఇంకోటి వాలు మీద జారుతుంది. వర్ణన ఎంత చదివినా ఆ తేడా తెలియదు.

రెన్యువల్ వచ్చాక ఇదంతా మారింది. మంత్ర సమయానికి డెక్స్‌టెరిటీని రెట్టింపు చేసి ఇంటెలిజెన్స్ కలిపిన మొత్తం 530కి చేరాలి. అది కూడా వర్గమూలం మీద నడుస్తుంది. పైగా ఏ స్టాట్‌కీ లొంగని స్థిర సమయం ఒకటి వేరే ఉంటుంది. ఇంటర్నెట్‌లో ఇప్పటికీ తిరుగుతున్న ‘డెక్స్ 150 చాలు’ సలహా ఒక వెర్షన్‌లో పరమ సత్యం, ఇంకో వెర్షన్‌లో శుద్ధ తప్పు. గైడ్ కింద వెర్షన్ రాసి లేకపోతే ఆ గైడ్‌ని పక్కన పెట్టేయడమే మేలు.

ఇలాంటి సూత్రాలు బయటికి వచ్చిన దారుల్లో ఒకటి అసలు సర్వర్‌ని అనుకరిస్తూ ఆటగాళ్లు రాసిన ఎమ్యులేటర్ సర్వర్లు. అక్కడే ఒక ఉచ్చు కూడా ఉంది. ఎమ్యులేటర్ రాసేవాళ్లకి తెలియని అంకె వస్తే అంచనాతో ఒకటి పెట్టి ముందుకు పోతారు. వికీ రాసేవాళ్లు ఎమ్యులేటర్ కోడ్ చూసి ఆ అంకెను ఎక్కిస్తారు. తర్వాతి ఎమ్యులేటర్ వాళ్లు వికీ చూసి ‘నిర్ధారణ అయింది’ అనుకుంటారు. ఒక అంకె అయిదు చోట్ల కనిపిస్తే అయిదు ఆధారాలు అనుకోకూడదు. అయిదింటికీ మూలం ఒకటే అంచనా కావచ్చు.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటలో ఈ తరహా వివాదం ఒకటి పదిహేనేళ్ల తర్వాత గానీ తెగలేదు. 60 లెవెల్ ఆటగాడు 63 లెవెల్ బాస్‌ని కొడితే దెబ్బ తప్పకుండా ఉండటానికి పరికరాల మీద హిట్ (దెబ్బ తగిలే అవకాశాన్ని పెంచే బోనస్) 8 శాతం కావాలా, 9 కావాలా? రెండు వర్గాలకీ వేలాది దెబ్బల లాగ్‌లు ఉన్నాయి. 2019లో క్లాసిక్ వెర్షన్ వచ్చినప్పుడు తయారీ సంస్థ బ్లిజార్డే వివరించింది. 63 లెవెల్ బాస్ రక్షణ 315, మీ ఆయుధ నైపుణ్యం 300, తేడా 15. తేడా పది దాటితే ఒక్కో పాయింట్‌కీ 0.2 చొప్పున 5 శాతానికి కలిసి, తప్పిపోయే అవకాశం 8 శాతం అవుతుంది. పైగా తేడా పది దాటినప్పుడు పరికరాల మీది హిట్‌లో మొదటి ఒక శాతం పనిచేయదు. తప్పేది 8, కావలసింది 9. ఇద్దరూ నిజమే చెప్పారు, వేర్వేరు ప్రశ్నలకి.

నైపుణ్యం 305 అయితే తేడా సరిగ్గా పది. అప్పుడు పాయింట్‌కి 0.1 చొప్పునే కలుస్తుంది, ఆ ఒక శాతం కోత ఉండదు, తప్పేది 6. మామూలు దెబ్బల్లో 40 శాతం గ్లాన్సింగ్ అవుతాయి (రాసుకుపోయి బలం తగ్గుతాయి), దాన్ని ఎవరూ తప్పించలేరు. కానీ ఆ దెబ్బల్లో పోయే నష్టం 300 దగ్గర 35 శాతం, 305 దగ్గర 15 శాతమే. ఆటలోని జాతుల్లో హ్యూమన్‌కి కత్తుల మీదా గదల మీదా, ఓర్క్‌కి గొడ్డళ్ల మీదా పుట్టుకతో వచ్చే అయిదు పాయింట్ల నైపుణ్యం ఇంత పని చేస్తుంది. టూల్‌టిప్‌లో, అంటే తెర మీద కనిపించే చిన్న వివరణలో, ఉండేది ‘నైపుణ్యం 5 పెరుగుతుంది’ అన్న ఒక్క ముక్క.

తయారుచేసినవాళ్లకే తెలియనివి

1999లో వచ్చిన యాషరాన్స్ కాల్ అనే ఆటలో కొందరు ఆటగాళ్లు ఒకటే మొర పెట్టుకునేవారు. గుంపులో ఎంతమంది ఉన్నా మాన్‌స్టర్లు తమ క్యారెక్టర్ మీదకే వస్తాయని. అలాంటి ఒక క్యారెక్టర్ పేరు మీద దానికి ‘వై ఫ్లాగ్’ అనే పేరు స్థిరపడింది. తయారీ సంస్థ టర్బైన్ కోడ్ చూసి అలాంటి ఫ్లాగ్ (కోడ్‌లో పెట్టే గుర్తు) ఏదీ లేదంది. నిజంగానే లేదు. చాలాకాలం తర్వాత మళ్లీ తవ్వితే లోపం వేరేచోట బయటపడింది, సంస్థే దాన్ని ఆటగాళ్లకు వివరంగా రాసి ఒప్పుకుంది.

సరళంగా చెప్పుకుంటే సంగతి ఇది. మాన్‌స్టర్ తన లక్ష్యాన్ని ఎంచుకునేటప్పుడు దగ్గరున్నవాళ్లకి ఎక్కువ వాటా వచ్చేలా దూరాలతో లెక్క కడుతుంది. ముగ్గురు సమాన దూరంలో ఉన్నారనుకోండి. ఒక్కొక్కరికీ ‘ఒకటిలోంచి నా దూరం వాటా తీసెయ్’ అని లెక్కేస్తే మూడింట రెండు వంతులు వస్తుంది. మూడూ కలిపితే రెండు. ఆ మొత్తాన్ని ఒకటికి కుదించకుండా సున్నాకీ ఒకటికీ మధ్య పాచిక వేస్తే జాబితాలో మొదటివాడికి 67 శాతం, రెండోవాడికి 33, మూడోవాడికి సున్నా. జాబితా వరస దేని మీద ఆధారపడింది? క్యారెక్టర్ సృష్టించినప్పుడు కేటాయించిన గుర్తింపు సంఖ్య మీద. ఆ సంఖ్య జీవితాంతం మారదు కాబట్టి శాపం కూడా జీవితాంతం.

ఇలాంటిది ఏ పత్రంలోనూ ఉండదు. రాసినవాళ్లు తాము అనుకున్నది రాస్తారు, కోడ్ చేసేది కాదు. అందుకే డెవలపర్ ‘అలాంటిదేమీ లేదు’ అంటే దాన్ని ‘అలాంటిది మేం పెట్టలేదు’ అని చదువుకోవాలి.

2022 ఆగస్టులో పాత్ ఆఫ్ ఎక్సైల్ అనే ఆటకి లేక్ ఆఫ్ కలాండ్రా విస్తరణ వచ్చినప్పుడు రాలే వస్తువులు ఒక్కసారిగా తగ్గిపోయాయని గగ్గోలు రేగింది. ప్యాచ్ నోట్స్‌లో, అంటే ఆటకి చేసిన మార్పుల జాబితాలో, అంత పెద్ద కోత కనిపించదు. తర్వాత న్యూజిలాండ్ సంస్థ గ్రైండింగ్ గియర్ గేమ్స్ ఇచ్చిన వివరణ ప్రకారం, పాత లీగ్‌ల (ఆట సీజన్ల) మాన్‌స్టర్ల మీద ఏళ్ల తరబడి పేరుకుపోయిన భారీ బోనస్‌లను తీసేశారు. ఆ బోనస్‌లు ఉన్న సంగతే ఆటగాళ్లకి ఎవరూ చెప్పలేదు. చెప్పనిదాన్ని తీసేస్తే నోట్స్‌లో ఏమని రాస్తారు? కానీ ఆ ఆట ఆర్థిక వ్యవస్థ అంతా ఆ చెప్పని బోనస్ మీదే నిలబడి ఉంది. ప్యాచ్ నోట్స్ రాసేవాళ్లు ఉద్దేశాల జాబితా నుంచి రాస్తారు, ఫలితాల కొలత నుంచి కాదు. అందుకే ప్యాచ్ తర్వాత కొలవడం, అంతకంటే ముఖ్యంగా ప్యాచ్‌కి ముందే కొలిచి పెట్టుకోవడం ఆటగాళ్ల పని అయిపోయింది.

రహస్యం కోసం దాచినవాటి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, కాలం వాటిని ఓడించింది. అదే యాషరాన్స్ కాల్‌లో మంత్రాల దినుసులు ఎవరికి వారే కనిపెట్టుకోవాలని పెట్టారు. ఒకరి వంటకం ఇంకొకరికి పనిచేయకుండా టేపర్ల (సన్నని కొవ్వొత్తుల) రంగులు మార్చారు. స్ప్లిట్ పీ అనే చిన్న ప్రోగ్రామ్ వచ్చి ఆ పరిశోధనను లెక్కల పనిగా మార్చేసింది. ఫైనల్ ఫాంటసీ 11లో పాండమోనియం వార్డెన్ అనే బాస్‌ని ఎలా చంపాలో ఎవరికీ చెప్పలేదు. 2008 ఆగస్టులో ఒక గుంపు 18 గంటలకు పైగా పోరాడి, మనుషులు నిజంగా జబ్బుపడే పరిస్థితి వచ్చి వదిలేసింది. తర్వాతి అప్‌డేట్‌లో కంపెనీ ఆ పోరాటానికి రెండు గంటల గడువు పెట్టింది. రహస్యానికీ ఒక హద్దు ఉండాలని ఆ పరిశ్రమకి అలా తెలిసొచ్చింది.

డబ్బు కోసం దాచినది

కొరియాలో నెక్సన్ సంస్థ ఆట మేపుల్‌స్టోరీ 2003లో మొదలైంది. 2010 మేలో అందులోకి క్యూబ్ అనే వస్తువు వచ్చింది. దాన్ని వాడితే పరికరం మీదున్న మూడు వరుసల అదనపు గుణాలు మళ్లీ కొత్తగా పడతాయి, అదృష్టం ఉంటే శ్రేణి కూడా పెరుగుతుంది. క్యూబ్‌ని డబ్బుతో కొనాలి.

కొరియా ఫెయిర్ ట్రేడ్ కమిషన్ విచారణలో తేలినవి ఇవి. మొదట అన్ని గుణాలకూ సమాన అవకాశం ఉండేది. 2010 సెప్టెంబరు నుంచి ఆటగాళ్లు ఎక్కువగా కోరుకునే గుణాల అవకాశం తగ్గించారు, చెప్పలేదు. 2011 ఆగస్టు నుంచి 2021 మార్చి దాకా కొన్ని మేలైన గుణాలు మూడు వరుసల్లోనూ ఒకేసారి పడే అవకాశాన్ని సున్నా చేశారు, చెప్పకపోగా క్యూబ్ పాతలాగే పనిచేస్తుందని ప్రకటించారు. 2013 జులైలో వచ్చిన బ్లాక్ క్యూబ్‌తో పై శ్రేణికి ఎక్కే అవకాశం మొదట 1.8 శాతం. ఆ ఏడాది చివరికి 1.4కి, 2016 జనవరిలో 1 శాతానికి దించారు. కొనేవాడి లెక్కలో చెప్పాలంటే సగటున 56 క్యూబ్‌లు పట్టే పనికి 71, తర్వాత 100 పట్టాయి. డబ్బాపై పేరు మాత్రం మారలేదు.

పదేళ్లపాటు ఎవరూ ఎందుకు నిరూపించలేకపోయారు? కొలత పరిమితి వల్ల. ఒక సంఘటన ఎన్నిసార్లు ప్రయత్నించినా ఒక్కసారీ జరగకపోతే, మూడుని ప్రయత్నాల సంఖ్యతో భాగించండి. అసలు అవకాశం అంతకు మించదని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. పది వేల క్యూబ్‌లు వాడి ఒక్కసారీ రాకపోతే తేలేది ‘0.03 శాతం కంటే తక్కువ’ అని మాత్రమే. సున్నా అని తేలదు. అతి అరుదైనదానికీ అసాధ్యమైనదానికీ తేడా బయటి నుంచి కొలిచి చెప్పలేం. పైగా ఇక్కడ ప్రతి ప్రయత్నానికీ డబ్బు ఖర్చు.

బయటపడింది పరీక్షల వల్ల కాదు, ప్యాచ్ నోట్స్‌లో ఒక వాక్యం వల్ల. 2021 ఫిబ్రవరిలో, పరికరాలకి వచ్చే మరో తరహా అదనపు గుణాలన్నీ ఇకపై సమాన అవకాశంతో పడేలా మారుస్తున్నాం అని నెక్సన్ రాసింది. ఇకపై సమానం అంటే ఇప్పటిదాకా కాదన్నమాట! ఆటగాళ్లు ఎలక్ట్రానిక్ బోర్డులున్న లారీలను కంపెనీ ఆఫీసు ముందుకి పంపి నిరసన తెలిపారు. మార్చిలో క్యూబ్ అంకెలు బయటపెట్టక తప్పలేదు. 2024 జనవరిలో కమిషన్ 1,164 కోట్ల వాన్ జరిమానా వేసింది.

ప్యాచ్ నోట్స్ చదవడానికి ఇది మంచి పాఠం. ‘సరిచేశాం’, ‘ఇకపై’, ‘ఉద్దేశించిన విధంగా’ అనే మాటలున్న ప్రతి వాక్యాన్నీ తిరగేసి చదవాలి. అది కొత్త స్థితి గురించి చెబుతూ పాత స్థితిని ఒప్పుకుంటుంది.

మీరే కొలవాలంటే

సూత్రం కొలవడం వేరు, అవకాశం కొలవడం వేరు. సూత్రానికి పదుల దెబ్బలు చాలు, అవకాశానికి వేలు కావాలి.

సూత్రం దగ్గర మొదటి ప్రశ్న రెండు బోనస్‌లు కూడుకుంటాయా, గుణించుకుంటాయా అన్నది. పాత్ ఆఫ్ ఎక్సైల్ దీనికి రెండు వేర్వేరు మాటలు వాడి మేలు చేసింది: ఇంక్రీజ్డ్ అంటే కూడుకునేది, మోర్ అంటే గుణించుకునేది. చాలా ఆటల్లో అంత శ్రద్ధ ఉండదు. రెండు 20 శాతం బోనస్‌లు ఉన్నాయనుకోండి. మూల నష్టం 100 అయితే కూడితే 140, గుణిస్తే 144, వెంటనే తెలిసిపోతుంది. మూల నష్టం 7 అయితే కూడిక 9.8, గుణకారం 10.08. భిన్నం కోసేస్తే 9, 10. కానీ ప్రతి అడుగులోనూ భిన్నం కోసే ఆట అయితే 7 నుంచి 8.4 వచ్చి 8 అవుతుంది, 8 నుంచి 9.6 వచ్చి 9 అవుతుంది. గుణించే ఆట కూడా 9 చూపించి కూడేదానిలా నటిస్తుంది. కాబట్టి నిర్మాణం తెలుసుకోవడానికి పెద్ద అంకెలు, భిన్నం ఎక్కడ కోస్తున్నారో తెలుసుకోవడానికి చిన్న అంకెలు. ఈ క్రమం తిరగబడితే తప్పు సూత్రం మీద గంటలు పోతాయి.

పరీక్షకి ముందు బఫ్‌లు, ఆహారం, గిల్డ్ బోనస్‌లు, టైటిల్స్ అన్నీ తీసేయాలి. ఒకే మాన్‌స్టర్, ఒకే లెవెల్. ఒకసారికి ఒక్క మార్పే. సమయం కొలిచేటప్పుడు సర్వర్ టిక్ (సర్వర్ లెక్క వేసే కనీస వ్యవధి) గుర్తుండాలి. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో ప్రతిదీ 0.6 సెకన్ల టిక్ మీద నడుస్తుంది, కాబట్టి 2.4 తర్వాత 3.0 ఉంటుంది గానీ మధ్యలో ఏదీ ఉండదు. స్టాప్‌వాచ్‌లో 2.6 కనిపిస్తే అది మీ నెట్ ఆలస్యం.

అవకాశాల దగ్గర అసలు శత్రువు తొందర. ఒక శాతం డ్రాప్ కోసం వంద మాన్‌స్టర్లని చంపినా ఖాళీ చేతులతో మిగిలే అవకాశం 37 శాతం. మూడు వందలు చంపినా 5 శాతం మందికి ఏమీ రాదు. వెయ్యి మంది ఆడే సర్వర్‌లో వాళ్లు యాభై మంది, వాళ్ల మొర నిజంగా వినిపిస్తుంది, డ్రాప్ రేటు మాత్రం మారలేదు. ప్యాచ్ తర్వాత 6 శాతం కాస్తా 5 అయిందా అని తేల్చాలంటే, మామూలు గణాంక ప్రమాణాల ప్రకారం ప్యాచ్‌కి ముందు ఎనిమిది వేలు, తర్వాత ఎనిమిది వేల ప్రయత్నాలు కావాలి. ఒక్కరి వల్ల కాదు. నలభై మంది చేరి తలా ముందు రెండు వందలు, తర్వాత రెండు వందలు వేస్తే అవుతుంది, ఒకే షరతు మీద: ఫలితం వచ్చినా రాకపోయినా ఎక్కించాలి, ఎప్పుడు ఆపాలో ముందే నిర్ణయించుకోవాలి. వస్తువు దొరికినవాళ్లు సంతోషంతో ఎక్కించి, దొరకనివాళ్లు ఊరుకుంటే రేటు లేనిపోనంత ఎక్కువగా తేలుతుంది. స్క్రీన్‌షాట్ల ఆధారంగా తీసిన రేట్లన్నిటికీ ఈ జబ్బే.

సగటు సరిపోయినంత మాత్రాన పని అయిపోదు, రెండు విజయాల మధ్య ఎడం కూడా రాసుకోవాలి. పాత్ ఆఫ్ ఎక్సైల్‌లో శత్రువు దెబ్బ తప్పించుకోవడం ప్రతిసారీ కొత్త పాచిక కాదు. మొదట ఒక యాదృచ్ఛిక అంకెతో లెక్క మొదలవుతుంది, ప్రతి దాడికీ తగిలే శాతం దానికి కలుస్తుంది, వంద చేరగానే దెబ్బ తగిలి వంద తగ్గుతుంది. తగిలే అవకాశం 25 శాతం అయితే సుమారు నాలుగు దాడులకు ఒకటి చొప్పున క్రమం తప్పకుండా తగులుతుంది, వరసగా రెండు తగలవు. సగటు మాత్రమే చూసేవాళ్లకి ఇది మామూలు పాచికలాగే కనిపిస్తుంది. జెన్షిన్ సాఫ్ట్ పిటీ బయటపడింది కూడా పుల్స్ మధ్య ఎడాలు గీసి చూసినప్పుడే.

ఇక చట్టాల సంగతి. చైనాలో 2017 మే 1 నుంచి, కొరియాలో 2024 మార్చి 22 నుంచి అదృష్టం మీద పడే వస్తువుల అవకాశాలు ప్రకటించడం తప్పనిసరి. ఆపిల్ కూడా 2017 డిసెంబరులో తన యాప్ స్టోర్‌కి అలాంటి నియమం పెట్టింది. మన ఫోన్లలో ఆ శాతాల పేజీలు కనిపించడానికి కారణాల్లో ఇదొకటి. కానీ ఈ నియమాల గురి డబ్బుతో నేరుగానో పరోక్షంగానో కొనే వస్తువుల మీదే. బాస్ రాల్చే కత్తి రేటు, స్ట్రెంగ్త్ ఎక్కడ మెట్టు ఎక్కుతుందో, మాన్‌స్టర్ ఎవరి మీదకు ఎందుకు వస్తుందో చెప్పమని వాటిలో ఎక్కడా లేదు. కొన్న పెట్టె మీద శాతం రాసి ఉంటుంది, ఆ పెట్టెలోంచి వచ్చిన ఆయుధం ఎలా కొడుతుందో మాత్రం ఇప్పటికీ ఆటగాళ్లే స్ప్రెడ్‌షీట్ తెరిచి తేల్చుకోవాలి.